పదకొండు రోజుల ఎలుగుబంటి

మా మేనత్త వరహాలమ్మ కుక్కను ఉద్దానంలో నాలుగు ఊళ్లు పదకొండు రోజులపాటు ఎలుగుబంటి అనుకున్నాయి. ఇందులో కుక్క తప్పేమీ లేదు. అది పుట్టడమే నల్లగా, ఒళ్లంతా బొచ్చుతో పుట్టింది. పెరగడం దూడంత పెరిగింది. తప్పు ఎవరిదో తేల్చాలంటే ముందు మా అత్త నడక గురించి చెప్పాలి.

అత్తకు యాభై ఎనిమిదేళ్లు. పుట్టింది జలంత్రకోట, మెట్టింది కాశీబుగ్గ. పెళ్లయిన ఏడాది నుంచీ జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పొట్టు తీస్తోంది. జీడి రసం తగిలి తగిలి వేళ్ల కొసలు నల్లబడ్డాయి, గీతలు చెరిగిపోయాయి. రేషన్ డిపోలో వేలిముద్ర వేయమంటే మిషను ఆమెను మనిషిగా ఒప్పుకోదు. ప్రతి నెలా డీలరుతో అదే తగువు. "నాను బతికే ఉన్నానని ఆ డబ్బాకి నువ్వే సెప్పు బాబూ!"

ఇన్నేళ్లలో ఆమె పని లేకుండా ఒక్క అడుగు వేయలేదు. ఫ్యాక్టరీకి నడిచింది, నీళ్లకు నడిచింది, సంతకు నడిచింది. మావయ్య బతికున్నప్పుడు ఆయన్ను వెతుక్కుంటూ మందు దుకాణాలన్నీ నడిచింది. వాకింగ్ అనేది షుగరు ఉన్నవాళ్లూ రిటైరైనవాళ్లూ రైల్వే గ్రౌండులో చేసుకునే పని అని ఆమె ఉద్దేశం. అలాంటి మనిషి చేతికి కుక్క వచ్చింది.

అది ఫ్యాక్టరీ యజమాని వైకుంఠరావు షావుకారు పెంచిన కుక్క. పేరు బ్రూనో. నిరుడు దీపావళి ముందు ఆయన ఫ్యాక్టరీని లీజుకిచ్చేసి విశాఖపట్నంలో అపార్టుమెంటుకు మారాడు. "నాలుగు రోజులు సూడు వరహాలమ్మా, ఇల్లు సర్దుకోగానే పట్టుకెల్తాను" అని గొలుసు అత్త చేతిలో పెట్టాడు. ఆ నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి. మధ్యలో ఒకసారి నా ఫోనుకు వీడియో కాల్ చేసి "బ్రూనో, బ్రూనో" అని ముద్దుగా పిలిచాడు. కుక్క వచ్చింది, ఫోనును వాసన చూసింది, సరిగ్గా ఆయన మొహం మీద తుమ్మి వెళ్లిపోయింది. మళ్లీ ఆయన కాల్ చేయలేదు. అత్త నోట్లో బ్రూనో బురనయ్య అయ్యాడు.

ఫ్యాక్టరీ ఆవరణంతా పరుగెత్తిన బురనయ్యకు ఇప్పుడు దక్కింది పదడుగుల వరండా. అత్త ఉండేది జగన్నాథరావుగారి ఇంటి వెనక వాటాలో. ఆయన ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ప్రపంచంలో ఆయనకు ఇష్టమైనవి రెండే: మధ్యాహ్నం నిద్ర, పూజకు పూలిచ్చే మందార మొక్కలు. అత్త ఫ్యాక్టరీకి వెళ్లగానే బురనయ్య ఏడుపు మొదలెట్టేవాడు. మొదటిది పోయింది. గొలుసు తెంపుకున్న రోజున రెండోదీ పోయింది.

"వరహాలమ్మా, శ్రీరామనవమి పందిరి ఏసే లోపు సూసుకో" అన్నాడు జగన్నాథరావుగారు, వేళ్లతో సహా పీకేసిన ఒక మందార మొక్కను చేత్తో పట్టుకుని. "కుక్కైనా ఎల్లిపోవాల, నేదా నువ్వూ కుక్కా ఇద్దరూ ఎల్లిపోవాల."

అత్త కుక్కను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి కాంపౌండరు దాని నోరు తెరిచి చూసి, "దీనికి జబ్బేటీ నేదమ్మా, తిరగాల. పొద్దున్నే ఓ గంట పరిగెడితే పగలంతా తొంగుంటాది" అన్నాడు.

"తొంగోకపోతే?"

"ఇంకో గంట పరిగెట్టించు."

అలా మా అత్త జీవితంలో మొదటిసారి ఊరికే నడవాల్సి వచ్చింది.

మొదటి రోజే చిక్కు. వీధిలో ప్రతి గుమ్మం నుంచీ ఒకటే ప్రశ్న: "ఎక్కడికెల్తన్నావు వరహాలప్పా?" కుక్కను తిప్పడానికి అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. పనిలేని మనిషి అనుకుంటారని సిగ్గు. మర్నాటి నుంచి చేతిలో ఖాళీ పాలక్యాను పట్టుకుంది. ఎవరడిగినా "పాలకి" అనేది. నాలుగో రోజున ఆమెకు పాలుపోసే మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. "రోజూ పాలకెల్తన్నావంట, నా కాడికి రావట్నేదు. ఎవులి కాడ పోయించుకుంటన్నావప్పా? నా పాలకి ఏటైంది?" ఆయన్ను బుజ్జగించడానికి ఆ వారమంతా అదనంగా అరలీటరు పోయించుకుంది. అదీ బురనయ్యే తాగాడు.

రైల్వే గ్రౌండుకు తీసుకెళ్తే అక్కడ ఆరు వీధికుక్కలు దళంలా ఎదురొచ్చాయి. బురనయ్య ఆకారం చూసి అవి ఒక్క క్షణం ఆగాయి. ఆ క్షణంలోనే బురనయ్య అత్త చీర కుచ్చిళ్లలో తలదూర్చాడు. దూడంత జంతువు కాళ్ల మధ్య దూరితే ఏమవుతుందో వేరే చెప్పాలా? వాకింగ్ చేసే పెద్దమనుషులు నలుగురు కలిసి అత్తను లేపారు. ఆ కుక్కకు ఆకారమే ఉంది, ధైర్యం అనే సామాను అమర్చడం దేవుడు మర్చిపోయాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అప్పుడు అత్త నా మీద పడింది. టెక్కలిలో ఇంజినీరింగ్ రెండో ఏడు మానేసి నేను నాన్న ట్రాలీ ఆటో నడుపుతున్నాను. రోజూ తెల్లారకుండా ఉద్దానం వెళ్లి కొబ్బరికాయలు ఎత్తుకొస్తాను. వెళ్లేటప్పుడు బండి ఖాళీయే.

"అల్లుడా, మమ్మల్ని ఎక్కించుకో. కుక్కకి మంచి సోటు సూడాల."

"అత్తా, నాది ఆటోయా, కుక్కల బస్సా?"

"సదువు ఎలాగూ ఒగ్గేశావు. పున్నెమైనా సంపాదించు."

మొదట తేలినీలాపురం తీసుకెళ్లాను, టెక్కలి వైపు కిరాయి తగిలిందని. అక్కడ చింతచెట్ల మీద దేశం కాని దేశం నుంచి వచ్చిన కొంగలు కాపురాలుంటాయి. కాపలా మనిషి కుక్కను చూసి ఆమడ దూరంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. అత్త వాదనకు దిగింది: "పిట్టల్ని సూడ్డానికి అంత దూరం నుంచి ఒత్తన్నారు, ఇంత కుక్కని ఆ పిట్టలు ఓపాలి సూత్తే ఏటి పోద్ది?" ఈలోగా బురనయ్య ఒకే ఒక్కసారి మొరిగాడు. ఆకాశం తెల్లగా లేచింది. ఇక వాదించడానికి మేము అక్కడ లేము.

తర్వాత అక్కుపల్లి సముద్రం ఒడ్డు. ఇసుక మెత్తన, చోటు బోలెడు, అడిగేవాడు లేడు. దొరికింది చోటు అనుకున్నాం. బురనయ్య అలను చూసి భయపడి వెనక్కి పరుగెత్తాడు. పరుగెత్తినవాడు తిన్నగా నెత్తళ్లు ఎండబెట్టిన వల మీదకు వెళ్లాడు. తేరుకునేలోపు అరబుట్ట మింగాడు. చేపల ఆడవాళ్లు చుట్టుముట్టారు. అత్త చీర దోపుకుని కూర్చుని, పొద్దెక్కేదాకా వాళ్ల చేపలు ఏరిపెట్టింది. లేచేటప్పటికి వాళ్లతో చుట్టరికం కూడా కలిపేసింది. "అప్పా, నువ్వు రోజూ రా" అన్నారు వాళ్లు. "దాన్ని మాత్రం తేకు."

ఇక మిగిలింది లోకనాథ్ గారి తోట. వజ్రపుకొత్తూరు దారిలో నేను కొబ్బరికాయలు ఎత్తే ఊరి పక్కనే ఇరవై ఎకరాల జీడితోట, మధ్యమధ్య పనసచెట్లు. తిత్లీ తుఫానుకు పడిపోయింది పోగా మళ్లీ వేసిన తోట. లోకనాథ్ అక్కడి బుగత. భూమి ఉంది, పంచాయతీలో మాట ఉంది, తెల్లచొక్కా ఉంది. పొద్దున్నే ఆరున్నర దాకా తోటలో మనిషి ఉండడు. నేను కాయలు లెక్కపెట్టుకునే గంటన్నరలో అత్త కంచె సందులోంచి లోపలికి దూరి గొలుసు విప్పింది.

ఆ కుక్క పరుగెత్తడం ఆ రోజే చూశాను. చెట్ల మధ్య నల్లటి మూట ఒకటి దొర్లుకుంటూ వెళ్లి, దొర్లుకుంటూ వచ్చింది. ఇసుకలో పొర్లింది. రాలిన పనసకాయలో మూతి పెట్టింది. అత్త కాసేపు నిలబడి చూసింది. తర్వాత తనూ నడిచింది, ఈ చెట్టు దగ్గర నుంచి ఆ చెట్టు దాకా, మళ్లీ ఇటు. అడిగేవాడు ఎవడూ లేడు.

"అల్లుడా," అంది బండెక్కుతూ, "ఊరికే నడిత్తే కాళ్లు నొప్పెట్టవేటోయ్!"

ఆ పగలు బురనయ్య చచ్చినట్టు నిద్రపోయాడు. జగన్నాథరావుగారూ నిద్రపోయారు.

వారం గడిచింది. జీడిపిక్కలు రాలడం మొదలైంది. అప్పుడే మొదలైంది గొడవ కూడా.

లోకనాథ్ తోటకు కాపలా నూకయ్య. ఒక రోజు మామూలుకంటే ముందుగా వచ్చి, మసక వెలుతురులో, పనసచెట్టు కింద నల్లగా పొర్లుతున్న జీవాన్ని చూశాడు. వెనక్కి తిరిగి చూడకుండా టీ కొట్టు దాకా పరుగెత్తాడు. మొదటి టీకి అది ఆరడుగులుంది. రెండో టీకి ఎనిమిది. మర్నాటికి "నా కళ్లలోకి సూసింది, నానూ దాని కళ్లలోకి సూశాను, అదే ముందు కళ్లు దించింది" అయింది. మూడో రోజున పక్కన పిల్ల కూడా ఉందన్నాడు. ఆ పిల్ల మా అత్త. మంచుకు తలమీంచి నల్ల శాలువా కప్పుకుని చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుంది. ఇంకెవరో కంచె అవతల నుంచి తీసిన, ఊగిపోయే వీడియో ఒకటి ఫోన్లన్నీ తిరిగింది. అందులో కనిపించేది నల్లటి మచ్చ, వినిపించేది తీసినవాడి ఊపిరి.

ఉద్దానంలో ఎలుగుబంటి కబురంటే నవ్వులాట కాదు. అవి నిజంగానే కొండల మీంచి తోటల్లోకి దిగుతాయి. ముఖం మీద వాటి గోళ్ల గుర్తులతో బతుకుతున్న మనుషులు నాకు తెలుసు. తోటలోకి వెళ్లేవాళ్లు గుంపుగా, డబ్బాలు కొట్టుకుంటూ వెళ్తారు. కాబట్టి కొబ్బరికాయల దగ్గర నాకు ఈ కబురు చెప్పినప్పుడు నేనూ వణికాను. అత్తకు చెప్పాను. ఆమెకూ భయం పట్టుకుంది. కానీ తోట మానేస్తే కుక్క పోతుంది, లేదా కొంప పోతుంది. అందుకని ఖాళీ పాలక్యాను మీద గరిటెతో టంగు టంగుమని కొట్టుకుంటూ బురనయ్య వెనకే నడిచింది. ఎలుగు రాకుండా, ఎలుగు వెనకే డబ్బా కొట్టింది మా అత్త. అవతల ఊళ్లో ఆ చప్పుడు విన్నవాళ్లు, "అదిగో, ఇయ్యాల కూడా వచ్చింది, ఎవులో డబ్బా కొడతన్నారు" అని తలుపులు వేసుకున్నారు.

ఆరో రోజున లోకనాథ్ స్వయంగా టపాకాయలు పట్టుకుని తోటలోకి వచ్చాడు. వచ్చి, పాలక్యానుతో అత్తనూ, నాలుక వేలాడేసుకుని తోకాడిస్తున్న బురనయ్యనూ చూశాడు. చూసి అక్కడే ఇసుకలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. మాకు సంగతి అప్పుడే తెలిసింది.

"తప్పైపోనాది బుగతా, ఇప్పుడే ఎల్లి అందరికీ సెప్పేత్తాను" అంది అత్త.

లోకనాథ్ నవ్వు ఆగింది. "ఆగు ఆగు. ఏ ఏడు సూసినా తెల్లారేసరికి దొంగనాకొడుకులు గోనెలేసుకుని వచ్చేసేవోరు. ఈ ఆరు రోజుల్లో ఒక్క పిక్క పోనేదు. నీ కుక్కని రోజూ తెచ్చుకో. ఈ తోట నీదే అనుకో. అది కుక్కని మాత్రం ఎవులికీ సెప్పకు."

"మరి ఏరడానికి మన ఆడోల్లు రారు కదా?"

"ఇచ్ఛాపురం అవతల నుంచి పదిమందిని మాట్టాడతన్నాను. ఆల్లకి ఈ కబురు తెల్దు."

అత్త కుక్క వైపు చూసింది. తలూపింది. ముందు రోజే జగన్నాథరావుగారు మొదటిసారి నవ్వుతూ పలకరించాడు మరి: "బాగానే నేర్పావే. ఇలాగే ఉంటే ఉంచుకో." ఏళ్ల తరబడి ఎండలో నిలబడ్డ మనిషి, నీడ దొరికితే, ఆ నీడ ఎవరిదని వెంటనే అడగదు.

ఐదు రోజులు అడగలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం ఫ్యాక్టరీలో అత్త పక్కన కొత్త మనిషి వచ్చి కూర్చుంది. పేరు కుసుమ. ఆ తోట పక్క ఊరు. పని చేతకాక గింజ గింజకూ వేలు కోసుకుంటోంది.

"పిక్కలు ఏరే రోజుల్లో ఇక్కడికొచ్చావేటి గుంటా?" అడిగింది అత్త.

"ఏటేరతాం అప్పా? తోటలో ఎలుగు కాపురం పెట్టింది, పిల్లతో సహా. మా ఈదిలో పద్నాలుగు మందిమి ఇంట్లో కూకున్నాం. ఏడాదికి మాకు ఆ రెండు నెల్లే పని."

"పిల్లని... నువ్వు సూశావేటి?"

"నూకయ్య మావ సూశాడు. తల్లికంటే పిల్లే బయంకరంగా ఉందంట."

అత్త జీడి రసం అంటకుండా వేళ్లకు రాసుకునే తన కొబ్బరినూనె చిప్ప కుసుమ ముందుకు జరిపింది. సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. "అల్లుడా, రేపు తెల్లారకుండా ఒద్దు. ఏడింటికి ఎల్దాం. తోటకి కాదు, ఆ పక్క ఊరి నడిమద్దెకి."

"అత్తా, తోట పోద్ది. తోట పోతే ఇది మళ్లీ ఏడుపెత్తుకుంటాది. ఏడిత్తే జగన్నాథరావు..."

"తెల్సు. నోరుముయ్యి."

మర్నాడు వెళ్లేసరికి బురనయ్య తలంటు పోసుకుని మెరిసిపోతున్నాడు. మెడలో ఎర్ర రిబ్బను. నుదుటి మీద రూపాయంత బొట్టు.

"ఇదేటత్తా?"

"ఎలుగ్గొడ్డుకి బొట్టుంటాదేటి? సూత్తే తెలిసిపోవాల."

తెలిసిపోలేదు. ఆటో వీధిలో ఆగి వెనక తలుపు దించగానే ఎవరో "ఓలమ్మో!" అన్నారు. అంతే. ఆడవాళ్లు అరుగులెక్కారు, అరుగుల మీదవాళ్లు డాబాలెక్కారు. కంచాలు మోగాయి. ఎవడో టపాకాయ వెలిగించి విసిరాడు. అది పేలగానే బురనయ్య ఆటో కిందకు దూరి, నేలకు అంటుకుపోయాడు. పిలిస్తే రాడు, లాగితే రాడు. చివరికి అత్తే బోర్లా పడుకుని పాకుతూ వెళ్లి, మెడ పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. ఇద్దరి ఒంటి నిండా దుమ్ము, గ్రీజు.

"ఇదేనర్రా మీ ఎలుగు" అంది రొప్పుతూ. "నా కుక్క. పేరు బురనయ్య."

నూకయ్య డాబా మీంచి తొంగి చూశాడు. "ఇది కాదు. నాను సూసింది ఏరే."

"ఏరేదా? దానికి పిల్ల ఉందన్నావు కదా అన్నా?"

"ఉంది. ఇంతెత్తు."

అత్త శాలువా తలమీంచి కప్పుకుని, వీధి మధ్యలో గొంతుక్కూర్చుంది. "ఇదేనేటి?"

ముందు కుసుమ నవ్వింది. ఆ తర్వాత ఎవరు నవ్వారో లెక్కలేదు. నూకయ్య మాత్రం డాబా దిగలేదు, ఆ మధ్యాహ్నం భోజనం కూడా పైకే పంపించారని విన్నాను.

నవ్వు అయ్యాక కోపం వచ్చింది. "పదకొండు రోజులు మా పని పోగొట్టావు కదప్పా!" అంది కుసుమ.

"మొదటి ఆరు రోజులు నాకు తెల్దు. తరవాత అయిదు రోజులూ తెల్సు. తిడితే ఆ అయిదుకి తిట్టండి. పడతాను" అంది అత్త.

తిట్టారు కూడా. ఒక ముసలామె అయితే ఐదు రోజులకూ విడివిడిగా తిట్టింది. అత్త నిలబడి వింది.

అంతలో లోకనాథ్ బండి వచ్చింది. దిగుతూనే అరిచాడు: "మాట ఇచ్చి తప్పావు వరహాలమ్మా! రేపట్నుంచి నా తోటలో కాలెట్టకు. నీ కుక్క కూడా!"

అత్త కుక్కను ఆటో ఎక్కించి, దాని తల మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆమె మొహం చూడలేక నేను తాళం తిప్పాను. కుసుమ బండికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"బుగతా, ఇది ఎలుగు కాదు, సరే. రేపు నిజం ఎలుగొత్తే?"

"ఎందుకొత్తాదే?"

"ఎందుకు రాదు? పనసపళ్లున్నాయి కదేటి? ఒంటరిగా మేం దిగం. ఈ కుక్క ముందు నడిత్తేనే పిక్కలేరతాం. ఉత్తినే పొర్లి నాలుగూళ్లని బయపెట్టింది, అరిత్తే ఎలుగు మిగుల్తాదేటి?"

పద్నాలుగు మందీ అవునవునన్నారు. లోకనాథ్ ఫోను తీశాడు, చూశాడు, జేబులో పెట్టుకున్నాడు. ఆ వీడియో ఇచ్ఛాపురం కూడా దాటిపోయిందట. అక్కడివాళ్లు రామని ముందు రోజే చెప్పేశారు. చెట్ల కింద పిక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి.

ఈ కుక్క వీధికుక్కల్ని చూసి చీరలో దూరిన సంగతి చెబుదామని నేను నోరు తెరిచాను. అత్త నా కాలు తొక్కింది. గట్టిగా తొక్కింది.

"సర్లే, తగలడండి" అన్నాడు లోకనాథ్.

ఆ మర్నాటి నుంచి అయిదున్నరకు తోట దగ్గర పద్నాలుగు మంది ఎదురుచూస్తున్నారు. ముందు బురనయ్య, వెనక అత్త, ఆ వెనక బుట్టలతో మిగతావాళ్లు. బురనయ్య ముందు నడిచేది ధైర్యంతో కాదు, వెనక అంతమంది ఉన్నారన్న భరోసాతో. పాలక్యాను ఇప్పుడు ఖాళీగా లేదు. అందులో కుక్కకు నీళ్లు. కాశీబుగ్గ వీధిలో ఎవరైనా "ఎక్కడికెల్తన్నావు వరహాలప్పా?" అంటే, "కుక్కని తిప్పడానికి" అంటోంది, ఆగకుండా.

శ్రీరామనవమి పందిరి వేసిన రోజు పొద్దున్న అత్తను దింపడానికి వెళ్లాను. జగన్నాథరావుగారు గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"ఏటమ్మా ఈ కుక్క! నిన్న మద్దేనం ఎవడో గోడ దూకి పూజకి ఉంచిన మందారాలన్నీ కోసుకుపోయాడు. ఇది పక్కనే గుర్రెట్టి తొంగుంది. కుక్కన్నాక ఓపాలైనా మొరగాలా ఒద్దా?"

"మొరుగుతాది బాబూ" అంది అత్త గొలుసు విప్పుతూ. "రేపు తిప్పడం మానేత్తాను. పగలంతా మొరుగుతాది."

జగన్నాథరావుగారు పూలు లేని మొక్కల వైపు చూశాడు. వరండాలో అప్పుడే కాళ్లు చాపి పడుకుంటున్న బురనయ్య వైపు చూశాడు. గడియారం చూసుకున్నాడు.

"ఒద్దులే" అన్నాడు. "తిప్పు."